ఖంగుమంటేనే... జాడీ!

సంక్రాంతి వెళ్లి పండుమిరప కోతకొచ్చిందంటే చాలు... సత్తెనపల్లి ఇళ్లలో ఒకప్పుడు అటకమీది జాడీలన్నీ కిందికి దిగేవి. పైన గోధుమరంగు, కింద మీగడ తెలుపు. ఉప్పూ పులుపూ తగిలితే లోహపు గిన్నె చిలుమెక్కుతుంది, పింగాణీకి ఏమీ కాదు. అందుకే ఏడాది పచ్చడికి అదే ఇల్లు. ఇప్పుడా చోటు ప్లాస్టిక్ డబ్బాలది. పాత జాడీలేమో నగరాల్లో అలంకరణ వస్తువులయ్యాయి.

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో ఇవే రంగుల్లో కొత్తవీ తయారవుతాయి. కాబట్టి రంగు చూసి పాతదనుకోకూడదు. తిరగేసి చూడాలి. పూతలేని అడుగు అంచు అరిగి, నూనె మరకలు ఇంకి ఉంటే వాడిన జాడీయే. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే. అందులో పెట్టిన పచ్చడి బూజుపాలు!

గట్టిది దొరికితే మాత్రం షోకేసులో పెట్టకండి. పండుమిరప పచ్చడి నింపి వాసెన కట్టండి!