గాజు గొట్టంలో నెత్తురు

ఆలూరు, రాయదుర్గం, గుంతకల్లు వైపు నుంచి పాము కరిచినవాళ్లు బళ్ళారిలో నేను డాక్టరుగా ఉన్న ఆసుపత్రికి వస్తారు. చాలామంది నేరుగా రారు. దారిలో మంత్రగాడో, పసరు కట్టేవాడో ఉంటాడు. అక్కడ తగ్గినవాడు నా దాకా రాడు, తగ్గనివాడే వస్తాడు. అందుకే మంత్రగాడి పేరు చెడదు. బతికినవాడు ఊళ్లో తిరుగుతూ చెబుతాడు. పోయినవాడి లెక్క ఆసుపత్రి రిజిస్టరులో పడుతుంది.

శెనక్కాయ చేలో పాము కరిచిన కుర్రాడిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. నుదుట చెళ్ళగుర్కి అవధూత ఎర్రితాత విభూతి. కాలి మీద రెండు గాట్లు. కాస్త నెత్తురు తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాం. రక్తపింజర విషం ఎక్కితే అది గడ్డకట్టదు. కట్టింది. మళ్లీ మళ్లీ చూశాం. వాపు రాలేదు, రెప్పలు వాలలేదు.

"తాతే కాపాడినాడు సార్" అంది తల్లి. నేను కాదనలేదు. కానీ విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. విభూతి లేనివాళ్లూ మా వార్డు నుంచి అలాగే నడిచి వెళ్లారు.

మరి మహిమకు రుజువే ఉండదా? ఫ్రాన్స్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం లూర్ద్‌లో 1883 నుంచి ఇందుకోసం వైద్యుల కార్యాలయం ఉంది. నయమైందని 7 వేల మందికి పైగా చెప్పుకుంటే, చర్చి ఒప్పుకున్నవి 70 పైచిలుకే. డాక్టర్లు అక్కడ మహిమ అనరు, ఇప్పటి వైద్యానికి అంతుపట్టలేదని రాసిస్తారు. మిగతాది బిషప్ పని. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. ముందున్న జబ్బుకు కాగితం ఉండాలి, నయమయ్యాక ఏళ్ల తరబడి చూడాలి.

మంత్రాలయం ఒకప్పుడు మా బళ్ళారి జిల్లాలోదే. అక్కడ కంపెనీ కాలపు కలెక్టర్ మన్రోకు, ఎప్పుడో సమాధి అయిన రాఘవేంద్రస్వామి కనబడి మాట్లాడారంటారు. సాక్ష్యమేదంటే గెజెటీర్ చూపిస్తారు. మన్రో ఈ సీమకు వచ్చింది 1800లో, ఫ్రాన్సిస్ రాసిన బళ్ళారి గెజెటీర్ అచ్చయింది 1904లో. నూరేళ్ల ఎడం! భక్తుడికి అది చాలు. కేసుషీటుకు చాలదు.

విభూతి పెట్టుకోండి, తాయెత్తు కట్టుకోండి. ఆటో ఎక్కాక కట్టుకోండి, అంతే. కరిచిన చోట కోయకండి, తాడు బిగించకండి, కాలు కదపకండి. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఒకే ఇంజెక్షన్. అది ఆసుపత్రిలోనే ఇస్తారు.