ఉద్దానం దారిలో అమ్మీజాన్ ప్రయాణం

టెక్కలిలో బట్టల దుకాణం నడుపుకునే మా బావమరిది కారు కొన్నాడని విన్నప్పుడు నాకు అంతగా రుచించలేదు. మోటారు సైకిలుతో గడిచిపోయే ఇంటికి అంత ఎత్తైన వాహనం ఎందుకు, ఇది అవసరమా, ఆడంబరమా అని ఫోనులోనే అడిగేశాను. అతడు వాదించలేదు. "సెలవుల్లో రండి దూల్హాభాయ్, ఒక్క రోజు మాతో తిరగండి" అన్నాడు.

మదరసాకు సెలవులివ్వగానే వెళ్ళాను. ఫజ్ర్ నమాజు తరువాత మా అత్తగారిని డయాలసిస్ కోసం పలాస తీసుకువెళ్ళాలి. వజ్రపుకొత్తూరు వైపు చాలా ఏళ్ళు కాపురం చేసిన ఆమెకు ఉద్దానంలో వేలమందిని పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధే సోకింది. దాని మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. అంతకు ముందు ఈ ప్రాంతపు రోగులెందరో చికిత్స కోసం విశాఖపట్నం దాకా వెళ్ళవలసి వచ్చేది.

కారు తలుపు తీయగానే నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. సీటు నడుము ఎత్తులో ఉంది. మోకాళ్ళు వంగని అమ్మీజాన్ ఎవరి చేయీ పట్టకుండా వెనక్కి ఆనుకుని, మెల్లగా కాళ్ళు లోపలికి తిప్పుకుని కూర్చున్నారు. కిందికి కుంగి కూర్చోవలసిన మామూలు చిన్న కారులో ఇది ఆమెకు సాధ్యం కాదు. ఇక డయాలసిస్ అయ్యాక నీరసించిన మనిషిని ఆటోలో కుదుపుతూ తీసుకురావడం ఎంత కష్టమో ఆ ఇంటివారికే తెలుసు.

టెక్కలి నుంచి పలాసకు 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 30 కిలోమీటర్లు. ఆ దారిలో ఏ కారైనా సాగిపోతుంది. అసలు పరీక్ష కాశీబుగ్గ బజారులో మొదలవుతుంది. రహదారి పక్కన కాశీబుగ్గ, రైలు స్టేషను వైపు పలాస, రెండూ కలిసి ఒకే పురపాలక సంఘం. జీడిపప్పు బస్తాల లారీలు, ఆటోలు, సైకిళ్ళ నడుమ 4 మీటర్ల లోపు పొడవున్న కారు సందు చూసుకుని మలుపు తిరిగింది.

డీజిలు చవక కదా, పెట్రోలు ఎందుకన్నాను. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల వల్ల డీజిలు కార్ల పొగగొట్టానికి మసిని పట్టే వడపోత ఉంటుందట. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు ఎక్కువసేపు నిలకడగా, వేగంగా నడవాలి. ఇతనివేమో ఇల్లు, దుకాణం, బడి, వారంలో కొన్నిసార్లు ఆస్పత్రి. పైగా డీజిలు బండి ధర కూడా ఎక్కువ. లెక్క నాకు నచ్చింది. నెక్సాన్, వెన్యూ వంటి ఈ తరగతి కార్లలో 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజను ఉన్నవాటికి పన్ను కూడా తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. ఇతడు మాత్రం కొత్తది కొనలేదు. వడ్డీ అప్పు జోలికి పోకుండా, మూడేళ్ళు కూడబెట్టి, వాడిన బండినే రొక్కమిచ్చి తెచ్చుకున్నాడు. ఆ మాట విన్నాక ఫోనులో నేనన్న మాటకు సిగ్గుపడ్డాను. బజారు రద్దీలో పెట్రోలు బాగానే తాగుతుందని మాత్రం అతడే ఒప్పుకున్నాడు.

చికిత్స ముగిశాక అమ్మీజాన్ చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. తరువాత "సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో" అన్నారు. బండి అక్కుపల్లి వైపు తిరిగింది. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఇసుక మేటలు, గతుకులు. నేలకూ బండి అడుగుకూ మధ్య జానెడుకు కాస్త తక్కువ ఎడం ఉండటంతో ఎక్కడా కింద రాసుకోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చిన తోటల్లో మళ్ళీ నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు తలెత్తి నిలిచాయి. వాటిని చూపిస్తూ అమ్మీజాన్ ఏ తోట ఎవరిదో చెప్పసాగారు.

ఇసుక మెత్తబడిన చోట బావమరిది బండి ఆపేశాడు. ముందు చక్రాలే లాగే బండి, దిగబడితే ట్రాక్టరు పిలవాలన్నాడు. తలుపు తెరిచి ఉంచాం. ఆమె సీటులోనే కూర్చుని అలలను చూశారు. మేమిద్దరం అక్కడే అసర్ నమాజు చేసుకున్నాం. సలాం చెప్పి తిరిగి చూసేసరికి ఆమె ముఖాన గాలికి చెదిరిన దుపట్టాను సర్దుకుంటూ, "మరికాసేపు ఉందాం బేటా" అన్నారు.