సీసం ముక్క

ఎక్స్‌రే తీసేటప్పుడు పిల్లల పొత్తికడుపు మీద చిన్న సీసం ముక్క కప్పడం ఆనవాయితీ. దీని వెనుక పెద్ద కథే వుంది. ఎక్స్ కిరణాలు తగిలిన ఈగల సంతానంలో మార్పులు వస్తాయని 1927లో హెర్మన్ మల్లర్ చూపాడు. ఇక మనుష్య సంతానం గురించీ దిగులు మొదలయింది. పిల్లలు కలిగే అవయవాలను సీసంతో కప్పవలసిందని 1976లో అమెరికా ప్రభుత్వం సలహా యిచ్చింది. ఆ భయం సముద్రాలు దాటి మా కోదాడ దాకా వచ్చింది.

నిరుడు మా అక్క కూతురు, నాలుగేళ్ళ పిల్ల, కుంటుతుంటే కోదాడలో ఒకచోట తుంటి ఎక్స్‌రే తీయించాం. "ఆడపిల్ల సారూ, రేపు లగ్గం గావాలె, సీసం ముక్క కప్పుండ్రి" అని అక్క పట్టుపట్టింది. కప్పారు. పిల్ల మెదిలింది, ముక్క జరిగింది. చూడవలసిన కీలు మీదనే తెల్లని మచ్చ! సూర్యాపేటలో ఎముకల డాక్టరు ఫిల్మును వెలుతురుకెత్తి చూసి, మళ్ళీ తీయించుకు రమ్మన్నాడు. పసిదానికి రెండోసారి కిరణాలు.

2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రజ్ఞుల సంఘం, 2021లో అక్కడి రేడియేషన్ రక్షణ మండలి, ఈ ముక్కను మామూలుగా వాడనక్కర లేదన్నాయి. 1950ల నాటితో పోలిస్తే పొత్తికడుపుకు తగిలే మోతాదు నూటికి 95 వంతులకు పైగా తగ్గింది. ఏ పిల్లకు అండాశయాలు సరిగ్గా ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు. ఒంటి లోపల చెదిరే కిరణాలను పైనున్న సీసం ఆపలేదు. అంతేనా! కొన్ని యంత్రాలు సీసం అడ్డు వస్తే, కిరణాలు చాలలేదనుకొని మోతాదు తామే పెంచుతాయి. హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవారి పిల్లలను దశాబ్దాలుగా పరీక్షిస్తున్నా, వంశపారంపర్యంగా దోషం సంక్రమించినట్టు స్పష్టంగా తేలలేదు.

ఇదంతా సరే, మా అక్కకు ఎవరు చెప్పాలి? మిర్యాలగూడలో ఎక్స్‌రేలు తీసే నా మిత్రుడంటాడు: "వద్దంటే, ముక్క కొనలేక సాకులు చెప్తున్నడు అనుకుంటరు. పట్నంల కప్పిండ్రు గదా అంటరు." అతని ఇబ్బంది నిజమే. ఐతే ఒక ఉపాయం పట్టాడు. బల్లమీద పడే వెలుగు చతురస్రాన్ని తుంటి మేరకే కుదించి తల్లికి చూపిస్తాడు: "గీ వెలుగు పడ్డ జాగల్నే కిరణాలు పడతయమ్మా."

బిడ్డను పట్టుకునే మనిషికి మాత్రం సీసపు ఏప్రను తొడుగుతాడు. అది మానవలసింది కాదు. గర్భిణి అయితే బిడ్డను పట్టుకోనివ్వడు, ఇంకొకరిని పిలుస్తాడు. కొందరు తల్లులు ఆ ఏప్రను విప్పి బిడ్డకే కప్పబోతారట.