ఖాళీ డ్రమ్ము

నా ఎడమ చేతి చిటికెన వేలూ, ఉంగరం వేలూ అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటాయి. లాగినా రావు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు చూస్తారు గానీ అడగరు. మా సంఘంలో కొత్తగా చేరేవాళ్లు మాత్రం మొదటిరోజే అడిగేస్తారు. వాళ్లకు చెప్పినట్టే ఇక్కడా రాస్తున్నాను.

మాది నాగర్‌కర్నూల్ వైపు ఊరు. వరసగా రెండేళ్లు బోరు ఎండిపోతే హైదరాబాద్ వచ్చాం. నా భర్త తోపుడు బండి మీద గల్లీ గల్లీ తిరిగి పాత ఇనుము కొనేవాడు. నేనూ మా మరిదీ సేటు దుకాణం వెనక జాగాలో సామాను విడగొట్టేవాళ్లం. బయటివాళ్లకు ఇనుమంటే అంతా ఒకటే. మాకు బీడు వేరు, రేకు వేరు, సలాక వేరు. సిల్వర్ గిన్నెలు ఒక కుప్ప, ఇత్తడి నల్లాలు ఒక కుప్ప. మోటారు పగలగొడితే వచ్చే రాగితీగ సేటు గల్లాపెట్టె పక్కకే పోయేది. అయస్కాంతానికి అంటితే ఇనుము, అంటకపోతే పైసలు అనేవాడు మా మరిది.

పొద్దున్నే సేటు చేతిలో పెట్టే ఏడెనిమిది వందలే మా పెట్టుబడి. దాంతో ఇళ్లలో కొని, సాయంత్రం మళ్లీ ఆయనకే అమ్మాలి. పక్క దుకాణంవాళ్లు కిలోకు రెండు రూపాయలు ఎక్కువిస్తామన్నా పోవడానికి లేదు. గది అడ్వాన్సుకని కొంత, మా అత్త దినాలకని కొంత తీసుకున్నది పెరిగి ఇరవై రెండు వేలయింది. సేటు చెడ్డవాడని నేననను. పండక్కి చీర పెట్టేవాడు. పిల్లకు జ్వరమొస్తే తన బండి మీద దవాఖానకు పంపాడు. కానీ బాకీ ఉన్నన్నాళ్లూ ఆయన చెప్పిన పని చెయ్యనని అనడానికి నోరు రాదు. ఈ ముక్క అర్థం కానివాళ్లే మమ్మల్ని ‘జాగ్రత్తగా ఉండొచ్చు కదమ్మా’ అంటారు.

2017 ఎండాకాలం. ఫ్యాక్టరీల వైపు నుంచి ట్రాలీ ఆటోలో ఆరు డ్రమ్ములు వచ్చాయి. రెండు వందల లీటర్లవి, రంగుల వాసన కొడుతున్నాయి. ఐదింటికి మూతలు లేవు. ఆరోదాని బిరడా తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ‘ఇది వద్దు సేట్, లోపల ఏమున్నదో’ అన్నాడు మా మరిది. సేటు దాన్ని కాలితో తన్నాడు. ఖంగుమంది. ‘ఖాళీదేరా. కోసి చదును చెయ్, రాత్రికి లారీ ఉన్నది’ అన్నాడు. దొర్లిపోకుండా నేను ఎడమ చేత్తో పట్టుకున్నాను. మరిది ఉలి ఆనించి సుత్తె ఎత్తాడు. మొదటి దెబ్బ నాకు గుర్తుంది. రెండోది లేదు.

నిండు డ్రమ్ముకంటే ఖాళీ డ్రమ్మే చెడ్డదని చాన్నాళ్లకు తెలిసింది. ఆ మాట ఫైరింజన్‌లో పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన చెప్పాడు. థిన్నర్ లాంటివి నిండుగా ఉంటే లోపల గాలికి చోటుండదు. ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన తడి ఆవిరై గాలిలో కలిసి కూర్చుంటుంది. దానికి ఉలి దెబ్బకు లేచే రవ్వ చాలు.

దవాఖానలో నలభై ఒక్క రోజులున్నాను. చేతికున్న ప్లాస్టిక్ గాజులు కరిగి చర్మానికి అతుక్కుపోయాయి. వాటిని ముక్కలు ముక్కలుగా తీసే నర్సు ప్రతిసారీ ‘అమ్మా, అటు చూడు’ అనేది. అటు గోడకు క్యాలెండరు ఉండేది. ఆ ఏడు ఏప్రిల్‌లో ఏ తేదీ ఏ వారమో ఇప్పుడడిగినా చెప్తాను. తొడ మీది చర్మం తీసి చేతికి వేశారు. రెండు వేళ్లు మాత్రం ముడుచుకునే ఉండిపోయాయి. మా మరిదికి కుడికన్ను పోయింది.

కేసు రాయడానికి వచ్చినాయన, నువ్వక్కడ పనిచేస్తున్నట్టు కాగితమేదని అడిగాడు. కాగితం ఎక్కడిది? జీతం లేదు, హాజరు పట్టీ లేదు, ఈఎస్ఐ అన్న మాట కూడా అప్పుడే విన్నాను. మా పేర్లు ఉన్నది ఒక్క సేటు బాకీ పుస్తకంలోనే. తిరిగొచ్చాక అది తెరిచి చూపించాడు. ముప్పై ఆరు వేలు. మొదటిరోజు మందులకు ఆయన కట్టిన పద్నాలుగు వేలు కూడా నా పేరు మీదే రాసి ఉన్నాయి. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఏడో తరగతి దాకా చదివినదాన్ని కదా, కూడిక సరిగ్గానే ఉందా అని చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

2019లో సంఘం పెట్టాం. మా బస్తీ పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే మేడమ్ ఒకావిడ పుణే సంగతి చెప్పింది. అక్కడ చెత్త ఏరుకునేవాళ్లు 1993లోనే యూనియన్ పెట్టుకున్నారట. 1996లో నగర పాలక సంస్థ వాళ్ల గుర్తింపు కార్డులను ఒప్పుకుంది. 2008లో వాళ్లే యజమానులుగా ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘం మొదలైంది. వాళ్లకు ఇంటింటికీ చెత్త సేకరించే పని ఉంది, మాకు అలాంటిది లేదు. కార్డు మాట మాత్రం మా ఆయన మనసులో పడింది. ఎక్కడ కరెంటు తీగ పోయినా పోలీసులు ముందు ఆపేది ఆయన బండినే.

మేమూ సంఘాన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పెట్టుకోవచ్చన్నారు. కనీసం పదిమంది ఉండాలి, అందరూ వేర్వేరు కుటుంబాల వాళ్లయి ఉండాలి. మా బస్తీలో ఎవరిని లెక్కపెట్టినా ఎవరికో ఒకరికి మేనత్తో, బావో, తోడికోడలో అవుతారు. ఎవరి పొయ్యి వేరు, ఎవరిది కలిసి ఉంది అని తేల్చేసరికి రెండు ఇళ్లలో గొడవలే అయ్యాయి. చివరికి పద్నాలుగు మందిమి తేలాం.

అందరూ ముందు షెడ్డు కావాలన్నారు. నేను కాంటా అన్నాను. ఎలక్ట్రానిక్ కాంటా కొని తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాం. దాన్ని ఏడాదికోసారి మళ్లీ వేయించాలి. మొదటిరోజు ఒకామె తన గోనెసంచిని పొద్దున సేటు కాంటా మీద తూచి, అమ్మకుండా మా దగ్గరికి మోసుకొచ్చింది. అక్కడ నలభై ఒకటి, ఇక్కడ నలభై ఆరున్నర. మళ్లీ పెట్టించింది. మళ్లీ నలభై ఆరున్నర. సంచి పక్కనే కూలబడి, ఎన్నేళ్ల నుంచి ఆ దుకాణానికి పోతున్నదో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

రెండో పని బాకీలు తీర్చడం. తలా ఇన్ని పోగుచేసి, చీటీ తీసి, నెలకొకరి బాకీ సేటుకు కట్టేవాళ్లం. ఆ మనిషి తర్వాత సంఘానికి కొద్దికొద్దిగా కట్టుకోవాలి. నా చీటీ ఏడో నెలలో వచ్చింది. సేటు పైసలు లెక్కపెట్టుకుని, నా పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగే వచ్చాను.

సంఘం అనగానే అంతా బాగైందని అనుకోవద్దు. టన్నులెక్కన కొనే పెద్ద ఏజెంటు పదిహేను రోజులకు గానీ పైసలివ్వడు. మావాళ్లకు సాయంత్రానికి బియ్యం కొనాలి. ఈ పదిహేను రోజుల సందులోనే నలుగురు మళ్లీ సేట్ల దగ్గరికి పోయారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి బళ్లు రెండు నెలలు కదల్లేదు. ఒకాయన గల్లాలో ఉన్న పైసలు పట్టుకుని ఊరికి పోయాడు, ఇప్పటికీ రాలేదు. 2024 అక్టోబరు నుంచి ఇంకో చిక్కు. జీఎస్టీ నంబరు లేనివాళ్ల దగ్గర తుక్కు లోహం కొంటే ఆ పన్ను కొన్నవాళ్లే కట్టాలని నిబంధన పెట్టారు. మాకు నంబరు లేదు. ఏజెంటు కట్టాడో లేదో నేను చూడలేదు, మా రేటు మాత్రం తగ్గించాడు.

నిలిచినవేమంటే, రెండు మూడు కట్టుబాట్లు. తీగలు కాల్చడం ఆపేశాం. కాల్చిన రాగి నల్లబడి తక్కువ రేటు పలుకుతుంది, ఒలిచిన రాగికి ఎక్కువొస్తుంది. పొగ సంగతి చెప్తే విననివాళ్లు రేటు చెప్తే విన్నారు. ఒలిచే మిషను దగ్గర మా మరిది కూర్చుంటాడు. ఆ పనికి ఒక కన్ను చాలంటాడు. ఇంకోటి, తర్వాత వేసుకున్న షెడ్డులో ఎవరూ పడుకోకూడదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము తగలబడి, పైన పడుకున్న పదకొండు మంది బిహార్ కూలీలు చనిపోయారు. అప్పటిదాకా మా షెడ్డులోనూ కాపలాకని ఇద్దరు పిల్లగాళ్లు పడుకునేవాళ్లు, తలుపుకు అడ్డంగా సంచులు పేర్చుకుని. ఆ సాయంత్రమే సంచులు తీసేశాం. కాపలా మంచం బయట వేశాం.

మూడోది డ్రమ్ము. మూత బిగిసిన డబ్బా ఏదైనా సరే కొనం. కొనలేదని పుస్తకంలో రాస్తాం కూడా. పోయిన నెల ఒకడు ఆటోలో తెచ్చాడు. మా మరిది చేత్తో తట్టి చూసి, ‘రాసుకో వదినా, తీసుకోలే’ అన్నాడు. ఆటోవాడు తిట్టుకుంటూ పోయాడు.

పోయేది ఎక్కడికో నాకు తెలుసు. కాంటా మరిదికి అప్పజెప్పి రెండు గల్లీలు నడిచాను. దుకాణం వెనక పద్దెనిమిదేళ్ల పిల్లగాడు ఆ డ్రమ్మును కాళ్ల మధ్య ఇరికించుకుని ఉలి వెతుక్కుంటున్నాడు. చెయ్యి చూపించాను. వాడు వేళ్ల వంక చూశాడు, దుకాణం లోపలికి చూశాడు. ‘సేటు చెప్పిండక్కా’ అన్నాడు. ఇద్దరం కలిసి దాన్ని గోడ వారకు దొర్లించాం, ఆ పూటకు.

బాకీ ఎంతరా అని అడిగాను. పందొమ్మిది వేలన్నాడు. రాసుకున్నాను.