లాగిన్ అయింది ఎవరు?

మీసేవ మొదలైంది మా చిత్తూరు జిల్లాలోనే, 2011 నవంబరులో. అంతకు ముందు కుల ధ్రువపత్రం కావాలన్నా, అడంగల్ కావాలన్నా పూతలపట్టు మండలాఫీసు చుట్టూ తిరగాల్సిందే. మీసేవ వచ్చాక కౌంటరులో కూర్చున్న పిల్లోడు పేరూ నంబరూ కొడితే డిజిటల్ సంతకంతో కాగితం చేతికొచ్చేది. అయితే ఆ కంప్యూటరులో లాగిన్ అయ్యేది ఆ పిల్లోడే. మనం కౌంటరుకు ఇవతల నిలబడి చూసేవాళ్ళం.

ఇప్పుడు కౌంటరు మన చేతిలోకే వచ్చింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్టుకూ, కరెంటు బిల్లుకూ, బ్యాంకు ఖాతాకూ మన ఫోను నంబరే ఆనవాలు. ఓటీపీ కొట్టగానే తెర మీద మన పేరు పడుతుంది, మన లెక్కలు కనబడతాయి. ఈ మార్పు మంచిదేనని నా గట్టి నమ్మకం. తన కాగితం కోసం ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం తగ్గిన కొద్దీ మనిషికి మర్యాద పెరుగుతుంది.

ఈ గుర్తుపట్టడంలో మాయేమీ లేదు. వెబ్‌సైటుకు సహజంగా జ్ఞాపకముండదు. మొదటి పేజీ అడిగిన మనిషే రెండో పేజీ అడుగుతున్నాడని దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు దీనికి కుకీ అనే ఉపాయం కనిపెట్టాడు. కాణిపాకం గుడి ముందర చెప్పులు వదిలితే చేతికిచ్చే టోకెను లాంటిది అది. ఓటీపీ సరిపోయిందని తేలగానే సర్వరు ఒక టోకెను మన బ్రౌజరుకిస్తుంది. ఆ తర్వాత ఏ బటను నొక్కినా బ్రౌజరు దాన్ని చూపిస్తుంది, సర్వరు దాన్నిబట్టి మన వివరాలు తీసి ముందు పెడుతుంది.

ఎవరి వివరాలు చూపాలన్నది ఆ టోకెను ఎవరి పేరున ఇచ్చారో చూసుకునే సర్వరు తేల్చాలి. వెబ్ అడ్రసులో కనబడే నంబరును నమ్మితే, 101 చోట 102 కొట్టినవాడికి పక్కింటివాళ్ళ లెక్కలు తెరుచుకుంటాయి. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో వేసిన ప్రమాదాల పట్టికలో ఈ జాతి తప్పులదే మొదటి స్థానం. 2015 క్రిస్మస్ నాడు స్టీమ్ అనే ఆటల దుకాణంలో సుమారు 34,000 మంది ఖాతా వివరాలు పరాయివాళ్ళ కంటబడే పరిస్థితి వచ్చింది. పాస్‌వర్డులు ఎవరూ దొంగిలించలేదు. ఒకరి కోసం తయారైన పేజీని మధ్యలో దాచిపెట్టి ఇంకొకరికి ఇచ్చేలా అమరిక తప్పింది, అంతే.

ఇవన్నీ ప్రోగ్రామర్లకు బడిలోనే చెప్పే పాఠాలు. మా ఊళ్ళలో ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఏ పాఠంలోనూ కనబడదు: టోకెను ఫోనుకిచ్చారు సరే, ఆ ఫోను ఎవరిది?

మా పక్క చాలా ఇళ్ళలో పిలకాయలు బెంగళూరులోనో చెన్నైలోనో పనుల్లో ఉంటారు. అవ్వ ఆధార్‌కు ఇచ్చిన నంబరు కొడుకుది. ఇంటర్నెట్ సెంటరులో రోజూ వినబడే మాటలివి:

“అవ్వా, ఓటీపీ ఎవురికి పోయిందో చూడు.”

“నా కొడుక్కు పోయుంటాది నాయనా. వాడు డ్యూటీలో ఉండాడు, ఫోనెత్తడు.”

అక్కడితో అవ్వ పని ఆగిపోతుంది. ఒకవేళ కొడుకు ఫోనెత్తి ఆ అంకెలు చెప్పినా, ఫోను నంబరును బట్టే మనిషిని గుర్తించే యాప్ అయితే తెర మీద పడేది కొడుకు పేరే. యంత్రం లెక్కలో లాగిన్ అయింది కొడుకు. ఎదురుగా కూర్చున్న అవ్వ ఆ లెక్కలోనే లేదు. ఒక నంబరంటే ఒక మనిషని యాప్ రాసినవాళ్ళు అనుకుంటారు. ఇక్కడ ఒక నంబరంటే ఒక ఇల్లు. లాగిన్ కాగానే “మీరు ఈ ఇంట్లో ఎవరు?” అని ఒక్క ప్రశ్న అడిగి, ఇంట్లో ప్రతి మనిషికీ వేరే గది తెరిచిపెడితే ఎంత మేలు! అవ్వ గదిలో పింఛనూ పెద్ద అక్షరాలూ, కోడలి గదిలో పిల్లల చదువుల వివరాలు. వాటి మధ్య ఒక తలుపు కూడా ఉండాలి. అవ్వ మందుల సంగతి అందరూ చూడనక్కర్లేదు.

ఇది జరగని పని కాదు. శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీని చూడండి. 2014లో మొదలైంది, సభ్యులందరూ ఆడవాళ్ళే. పాలు పోసినప్పుడు సభ్యురాలి నంబరు కొడితే లీటర్లూ, వెన్న శాతమూ, ధరా ఆమె లెక్కలోనే పడతాయి, డబ్బు ఆమె ఖాతాకే చేరుతుంది. క్యాను మోసుకొచ్చింది భర్త కావచ్చు, మనవడు కావచ్చు. లెక్క మాత్రం ఆమెదే. ఎవరు తెచ్చారన్నదీ ఎవరి పాలన్నదీ వేరువేరు సంగతులని గుర్తించినందువల్లే అది సాధ్యమైంది. మన యాప్‌లలో ఈ తేడా అరుదుగా కనబడుతుంది.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. మునెమ్మ అనే పేరున్న అవ్వలు మా పక్క ఒక్కో ఊళ్ళో ఇద్దరు ముగ్గురుంటారు. ఊరు వాళ్ళను తోటకాడ మునెమ్మనీ, మిట్టమీద మునెమ్మనీ గుర్తుపడుతుంది. యంత్రానికి తెలిసింది ఆధార్ పన్నెండు అంకెలూ, ఇంగ్లీషులో ఎవరో కొట్టిన అక్షరాలూ. ఆధార్‌లో ఒక రకంగా, భూమి 1-బి పత్రంలో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో మరో రకంగా పేరు పడితే, ఒకే మనిషి ముగ్గురవుతుంది. తమిళనాడుకు ఆనుకున్న ప్రాంతం కాబట్టి, పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకునేవాళ్ళు మాలో చాలామంది. మొదటి గడిలో ఉన్నదే పిలిచే పేరనుకున్న యాప్ వాళ్ళకు ఒక్క అక్షరంతో నమస్కారం పెడుతుంది. మిమ్మల్ని ఏమని పిలవాలని అడిగి, తెలుగులో రాయించుకుని, అలాగే పిలవడానికి ఎంత ఖర్చవుతుంది?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది, యంత్రానికి మన గురించి ఏం తెలుసో మనకు తెలియకపోవడం. ఇంట్లో 300 యూనిట్లు దాటి కరెంటు కాలిందని పథకానికి అనర్హులన్న జవాబు వస్తుంది. తీరా చూస్తే ఆ మీటరు వాళ్ళది కాదు. ఎవరి మీటరో వాళ్ళ ఆధార్‌కు అంటుకుంది. ఇది తెలుసుకోవడానికే గ్రామ సచివాలయానికీ కరెంటాఫీసుకూ మధ్య చెప్పులరుగుతాయి. లాగిన్ కాగానే “మీ పేరున ఉన్న మీటరు ఇది, భూమి ఇంత, రేషన్ కార్డులో ఉన్నవాళ్ళు వీళ్ళు” అని ముందే చూపించి, పక్కన “ఇది నాది కాదు” అనే బటను పెడితే సగం తిరుగుడు తప్పుతుంది. తన వివరాల్లో తప్పును దిద్దమని అడిగే హక్కును 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాశారు. హక్కు చట్టంలో ఉంటే చాలదు, తెర మీద కనబడాలి. యంత్రం మనిషి పేరు పిలిచిందంటే ఆ మనిషికి జవాబు చెప్పే బాధ్యత కూడా దానిదే.

బెంగళూరు, చెన్నై కంపెనీల్లో ఈ యాప్‌లు రాస్తున్న మా జిల్లా పిల్లలారా, మీకొక మనవి. పండక్కి ఊరికొచ్చినప్పుడు మీరు రాసినదాన్ని మీ అవ్వ చేతికివ్వండి. ఆమె పేరుతోనే లాగిన్ చేయించండి. ఎక్కడెక్కడ ఆమె మిమ్మల్ని పిలవాల్సి వచ్చిందో రాసుకోండి, తిరిగి వెళ్ళగానే ముందు వాటిని సరిచేయండి.