మనసు బాగులేనప్పుడు ఒకసారి మా ఉద్దానం రండి

"మావారికి ఈ జబ్బు వచ్చినప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు డాక్టరుగారూ. ఏదైనా మాత్ర రాయండి."

ఈ మాట వారానికి నాలుగైదుసార్లు వింటాను. రోగి అడిగేది కాదిది. రోగిని వెంటబెట్టుకొచ్చిన మనిషి, అన్నీ అయిపోయాక గుమ్మం దగ్గర ఆగి, మొహమాటపడుతూ అడిగేది. మీ ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. అది మీరే కూడా కావచ్చు. అందుకని ఈ వారం మాత్రల సంగతి కాసేపు పక్కనపెట్టి మిమ్మల్ని మా వైపు తీసుకెళతాను.

పలాస స్టేషన్లో దిగితే ముందుగా తగిలేది జీడిపిక్కల వాసన. కాశీబుగ్గ వీధుల్లో జీడిపప్పు కొనకుండా ఎవరూ వెళ్ళరు. ఆ పిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు మాత్రం ఎవరూ చూడరు. జీడిరసం తగిలి నల్లబడి, చర్మం ఊడిపోయి ఉంటాయి. అక్కడినుంచి తూర్పుగా సముద్రంవైపు వెళితే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, వాటి వెనక సరుగుడు తోపులు, ఆ తరువాత ఇసుక, సముద్రం. కొత్తగా వచ్చినవారు "ఇంత చల్లటిచోట ఉన్నవారికి దిగులేముంటుంది?" అంటారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 140, 150 కిలోమీటర్లు. తెల్లవారేసరికి తాతలనాటి కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడి ఉన్నాయి. కొత్త మొక్క పెడితే కాపుకి రావడానికి అయిదారేళ్ళు, నాటురకమైతే ఇంకా ఎక్కువ. అరవై దాటిన రైతుకి ఆ లెక్క చెప్పి చూడండి.

అంతకుముందునుంచీ ఉన్నది మూత్రపిండాల జబ్బు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస... ఏ ఊరికెళ్ళినా ఒక ఇల్లు కాకపోతే మరో ఇల్లు. షుగరు లేదు, బి.పి. లేదు, అయినా కిడ్నీలు చెడిపోతున్నాయి. దీనికి ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ దగ్గర్లో దొరకడం చిన్న మేలు కాదు. కానీ వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవలసిందే.

డయాలిసిస్ మొదలైన ఒక రైతుకి కొబ్బరినీళ్ళు తాగొద్దని చెప్పవలసివచ్చింది. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు, గుండెకి ప్రమాదం. ఆయన నా మొహం చూసి నవ్వాడు. "మా సెట్టు బొండాం మేమే తాగకూడదేటి బాబూ?"

ఇలాంటి చోట ఉంటూ, ప్రకృతిని చూసి మనసు కుదుటపరచుకోండని ఇతరులకు చెప్పడానికి చాలాకాలం నాకు నోరు రాలేదు. చెట్లు కూలింది ప్రకృతివల్లే కదా!

నా సంగతీ చెప్పాలి. తుపాను తరువాత మూడు వారాలు వైద్యశిబిరాల్లో తిరిగాను. ఇంటికొచ్చాక నిద్ర పోయింది. తెల్లవారుజామున రెండింటికి మెలకువ, ఆ తరువాత దొర్లడమే. భోజనం దగ్గర చిరాకు. నా రక్తపుపోటు నేనే చూసుకుంటే 160/100. నాతో చదువుకున్న ఒక స్నేహితుడు మాత్ర రాసిచ్చి, "ఆదివారం పూట రోగులు లేనిచోటికి పో" అన్నాడు. మాత్ర వేసుకున్నాను, ఇప్పటికీ వేసుకుంటున్నాను. రెండో సలహా పాటించడానికి తేలినీలాపురం వెళ్ళాను.

టెక్కలి మండలంలో, నౌపడా ఉప్పుమళ్ళకు దగ్గర్లో ఉన్న ఊరది. ఏటా అక్టోబరు ప్రాంతంలో గూడబాతులూ రంగుకొంగలూ వచ్చి ఊళ్ళో చెట్లమీదే గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. సైబీరియానుంచి వస్తాయని అందరూ చెబుతారు. నిజానికి ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే. ఎక్కడినుంచి వచ్చినా, పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్ళు. ఎవరైనా రాయి విసిరితే ఊరుకోరు.

మొదటి ఆదివారం రెండువందల పైచిలుకు ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. నిద్రా పట్టలేదు. తప్పు ఎక్కడుందో ఆ తరువాత తెలిసింది. లిండా హెంకెల్ అనే అమెరికా పరిశోధకురాలు మ్యూజియానికి వెళ్ళినవారిమీద చేసిన పరీక్ష 2014లో అచ్చయింది. వస్తువుని ఫోటో తీసి ముందుకెళ్ళినవారికి అది తక్కువ గుర్తుంది. మనబదులు కెమెరా చూస్తుందని కన్ను పని మానేస్తుందన్నమాట! అదే, వస్తువులో ఒక చిన్నభాగాన్ని దగ్గరగా పట్టి తీసినవారికి జ్ఞాపకం తగ్గలేదు.

రెండో వారం ఒక్క గూడే ఎంచుకున్నాను. గంటసేపు కూర్చుని, మూడే ఫోటోలు తీయాలని నియమం పెట్టుకున్నాను. గూడబాతు పిల్ల తల్లి నోటిసంచిలోకి తల మొత్తం దూర్చి మేత తినడం అప్పుడే చూశాను. ఎండెక్కాక కొంగ రెక్కలు విప్పి పిల్లలకు నీడపట్టి నిలబడింది. నేను గడియారం చూసుకోలేదు. ఆ గంటలో ఏ రోగీ గుర్తురాలేదని బస్సెక్కాక తట్టింది.

దీనికి శాస్త్రం లేకపోలేదు. రోజర్ ఉల్‌రిచ్ 1984లో ఒక సంగతి ప్రకటించాడు. పిత్తాశయం ఆపరేషను అయినవారిలో, కిటికీలోంచి చెట్లు కనబడే పడకలవారు, ఇటుకగోడ కనబడే పడకలవారికంటె త్వరగా ఇంటికెళ్ళారు. వారికి నొప్పి తగ్గించే గట్టిమందులు కూడా తక్కువే పట్టాయి. చెట్టుకి మహిమ ఉందని కాదు. దిగులుపడిన మనసు తనచుట్టూ తానే తిరుగుతుంది. బయట ఒకదానిమీద నిలిస్తే అంతసేపు ఆ తిరుగుడు ఆగుతుంది.

మీరు రాదలిస్తే నవంబరు, ఫిబ్రవరి మధ్యలో పొద్దున్నే రండి. గూళ్ళకి దూరంగా ఉండండి, కేకలు వద్దు. సాయంత్రం అక్కుపల్లి దగ్గర శివసాగరం తీరానికి వెళ్ళవచ్చు. ఒడ్డున కూర్చోండి, లోపలికి దిగకండి. ఈ కెరటాలను నమ్మకూడదు. రాలేనివారు బెంగపడనక్కరలేదు. మీ పెరట్లో మునగచెట్టో, మేడమీద తులసికుండో చాలు. చెయ్యవలసిందల్లా రోజూ ఒకేచోటునుంచి దాన్నే చూడడం.

ఇక రాయడం. 1986లో పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరురాలితో కలిసి, విద్యార్థులచేత వారి గుండెల్లోని బాధ గురించి రోజుకి పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించాడు. రాసినవెంటనే మనసు ఇంకా బరువెక్కింది. కానీ తరువాతి నెలల్లో వాళ్ళు డాక్టరు దగ్గరకు వెళ్ళడం తగ్గింది. కాబట్టి మొదటిరోజు ఏడుపొస్తే కంగారుపడకండి. నాలుగురోజులైనా బాధ పెరుగుతూనే ఉంటే మాత్రం ఆపేయండి. గాయం మరీ పచ్చిగా ఉందన్నమాట.

ఒక హెచ్చరిక. దిగులు రెండు వారాలు దాటినా, తిండి సహించకపోయినా, బతకడం దండగనిపించినా పక్షులనీ పుస్తకాలనీ కూర్చోకండి, డాక్టర్ని కలవండి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

గుమ్మం దగ్గర ఆగి మాత్ర అడిగిందని మొదట్లో చెప్పానే, ఆ ఆడవాళ్ళలో ఆ కొబ్బరిరైతు భార్య కూడా ఒకరు. ఏడో తరగతి చదివింది. భర్త తాగే నీరు కొలిచి రోజూ రాయమని నూరు పేజీల పుస్తకం ఒకటి తెప్పించాను. ఉదయం టీ, మధ్యాహ్నం గ్లాసు, బరువు, ఆటో ఖర్చు... అంతా పద్ధతిగా రాసేది. ఒకసారి లెక్క కింద ఒక వాక్యం ఉంది. "ఈరోజు కొత్త కొబ్బరిమొక్క మూడో ఆకు విప్పింది." నేను దాని గురించి ఏమీ అనలేదు. నిద్ర పట్టనప్పుడు ఇంకా రాయమని మాత్రం చెప్పాను.

తరువాత వచ్చినప్పుడు పుస్తకం చివరి పేజీలకు తలపిన్ను పెట్టి ఉంది. "ముందుపక్క మీకు బాబూ. ఎనకపక్క తిరగేయకండేం" అంది. తిరగేయలేదు. నిద్ర బాగుపడిందని చెప్పను. రెండింటికి లేచే మనిషి ఇప్పుడు నాలుగింటికి లేస్తోంది. ఫోనులో ఆ మొక్క ఫోటోలు వరుసగా చూపిస్తుంది, అన్నీ నూతిగట్టు దగ్గర నిలబడి తీసినవే.

మొన్న పుస్తకం అయిపోయిందని చెప్పింది. ముందునుంచి వచ్చిన లెక్కలూ, వెనకనుంచి వచ్చిన రాతా నడుమ కలుసుకున్నాయట. ఈసారి రెండువందల పేజీలది కొనమని కొడుకుని పంపింది.