లంగరు ఎవరి మాట?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మేం నలుగురం దరియా మీదికి పోయొచ్చాం. అబ్బా, మామూ, నేను, ఇంటర్ చదివే మా వాడు. బోటు నా చిన్ననాటి దోస్తుది. వాళ్లది బందరు పక్కన గిలకలదిండి. బోటు నడిపేది మాత్రం వాళ్ల నాన్నే. డెబ్బై దాటినా చుక్కాని ఇంకొకరి చేతికి ఇవ్వడు.

ఈ సఫర్‌కు ఒక సబబ్ ఉంది. హాస్టల్లో ఎవరో మా వాణ్ని "మీరు అసలు ఎక్కడివాళ్లు?" అని అడిగారట. బందరు అన్నాడట వీడు. "అది కాదురా, అసలు?" అని మళ్లీ అడిగారట. పైగా "తెలుగు బాగానే మాట్లాడతావే" అని ఒక తారీఫు. వీడి దాదా ముప్పై ఏళ్లు బడిలో తెలుగు పాఠం చెప్పిన మేస్టారు! అబ్బా అంతా విని ఏమీ అనలేదు. "రేపు ఫజర్ కాగానే సమందర్‌కి పోదాం, నీ దోస్తుకు చెప్పు" అన్నారు నాతో.

నమాజ్ చదువుకుని, థర్మాసులో చాయ్ పోసుకుని రేవుకు చేరేసరికి ఇంకా చీకటే. పోటు ఉండగానే బయల్దేరాలి. మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది, నీళ్లు తీస్తే బోటు అడుగు తగులుతుంది. రెండు పక్కలా మడచెట్లు, మధ్యలో ఇంజను చప్పుడు. మొగ దాటాక పెద్దాయన గంగమ్మకు దణ్ణం పెట్టుకుని కర్పూరం వెలిగించాడు. అబ్బా బిస్మిల్లా అనుకుని దువా చేశారు. ఎవరి పని వాళ్లు చేసుకున్నారు, బోటు ముందుకు పోయింది.

మా బందరు సముద్రం సినిమాల్లోలాగా నీలంగా ఉండదు. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో చాలా దూరం బురద రంగే. గంట పోయాకగానీ ఆకుపచ్చ రంగు కనపడలేదు. ఈలోగా మామూకు కడుపులో తిప్పి, తిన్న నాస్తా అంతా నీళ్లపాలు. "చేపలకు మామూగారే ముందు ఎర వేశారు" అన్నాడు దోస్తు. మామూ నిమ్మకాయ వాసన చూస్తూనే నవ్వారు.

వల వదిలి, బెండ్లు తేలాక కాస్త ఎడంగా బోటు ఆపారు. "లంగరు దించరా" అని కేక వేశాడు పెద్దాయన.

అబ్బా మా వాడి వైపు తిరిగారు. "విన్నావా బేటా? లంగర్. ఫారసీ లఫ్జ్. ఇందాక పట్టుకున్నారే, ఆ చుక్కాని అరబ్బీ సుక్కాన్. కళాసి, సరంగు, తుఫాను, అన్నీ ఆ దరియా దాటి వచ్చినవే. ఆఖరికి మనూరి పేరు కూడా. బందర్ అంటే రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కొట్లు పెట్టారు. వాళ్లకన్నా ముందే ఫారసీ సౌదాగర్లు ఈ రేవులో దిగారు."

పెద్దాయనకు ఈ మాట నచ్చలేదు. "అదేంటి మేస్టారూ, లంగరు మీదంటారేంటి? మా తాత అన్నాడు, వాళ్ల తాత అన్నాడు. తుఫాను మీదైతే మరి మా ఇళ్లెందుకు కొట్టుకుపోయాయి?"

అబ్బా హాయిగా నవ్వారు. "మాది అనలేదయ్యా, ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాను."

"ఎక్కణ్నుంచొస్తే ఏంటి? దించితే నేల పట్టుకుందా లేదా, అది చూసుకోవాలి" అని తాడు లాగి చూశాడాయన. పట్టుకుంది.

మా వాడు ఆ తాడు వంకే చూస్తూ కూర్చున్నాడు. నేనూ కదిలించలేదు.

వల తీస్తే మాషా అల్లాహ్ అనేంత ఏమీ పడలేదు. కవళ్లు ఒక బుట్టెడు, వంజరం ఒకటి. చందువా ఒక్కటీ లేదు. వంజరం మాకే ఇస్తానన్నాడు దోస్తు, అబ్బా ఒప్పుకోలేదు. "పొద్దుటి మీ రిజ్ఖ్‌లో మేం నలుగురం కూర్చున్నాం. అది అమ్ముకో" అని డీజిలు డబ్బులు వాడి జేబులో కుక్కారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలల తిండి ఈ చలికాలపు వలల్లోంచే మిగుల్చుకోవాలని మేస్టారికి తెలుసు. కవళ్లు మాత్రం సంచీలో పోయించుకున్నారు.

పదకొండింటికి ఇల్లు చేరాం. అమ్మీ సంచీ విప్పి, "ఇత్తే కవళ్లు కైకూ లాయే? చందువా నై మిలీ?" అంది. ఇన్ని కవళ్లెందుకు, చందువా దొరకలేదా అని. మా ఇంటి ఉర్దూలో చేపలకు ఉన్న పేర్లు ఇవే. కవళ్లనీ చందువానీ ఇంకో జబాన్‌లో ఏమంటారో ఆమెకు తెలియదు, ఆ జరూరత్ ఎప్పుడూ రాలేదు.

మా వాడు ఫక్కున నవ్వాడు. సెలవులకు వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. "కాయ్‌కు హస్తాయ్ రే, బైఠ్‌కో పొలుసు తీయ్" అంటూ అమ్మీ వాడి చేతికి కత్తిపీట ఇచ్చింది.